చీకట్లో తలల లెక్క

దేవాంగపిల్లి పేరుకే పిల్లి. కోతి, కొండముచ్చు, మనిషి ఏ కుదురులోవో అదీ ఆ ప్రైమేట్ల కుదురులోదే. బరువు పావుకిలోకు కాస్త అటూ ఇటూ. తోక లేదు. కాళ్లూ చేతులూ ఎండుపుల్లల్లా ఉంటాయి, ముఖంలో సగం కళ్లే. పగలంతా ముళ్లపొద నడుమ తల దాచుకుని బంతిలా ముడుచుకుని నిద్రపోతుంది. మునిచీకటి పడ్డాక లేచి, ఆకు కదలకుండా కొమ్మ తర్వాత కొమ్మ పట్టుకుంటూ చీమలనూ చెదలనూ పురుగులనూ ఏరుకు తింటుంది. గెంతడం దానికి చేతకాదు. ప్రమాదం పసిగడితే చాలాసార్లు పరుగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. దీని శాస్త్రీయ నామం లోరిస్ లిడెక్కేరియానస్. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని నివాసం. ఆంధ్రప్రదేశ్‌లో శేషాచలం కొండల్లోనూ, చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యంలోనూ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు, అంటే చట్టం దృష్టిలో పులితో సమానం.

పులిని లెక్కపెట్టడానికి ఒక దారి దొరికింది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కనుక, కె. ఉల్లాస్ కారంత్ 1990ల్లో కర్ణాటకలోని నాగరహొళెలో కెమెరాలు పెట్టి, బొమ్మల్లోని చారలను పోల్చి పులుల సంఖ్యను అంచనా కట్టారు. ఏనుగులను నీటిగుంటల దగ్గర కాపుకాసి లెక్కించవచ్చు. కృష్ణజింకలు పట్టపగలు మైదానంలో మందగా మేస్తాయి. దేవాంగపిల్లికి చారలు లేవు. మంద లేదు. నీటిగుంట దగ్గర వరసకట్టదు. పగలు కళ్ల ఎదుటే ఉన్నా కనపడదు. మడగాస్కర్‌లోని ఎలుక లీమర్లు, ఇండోనేషియాలోని టార్సియర్లు, ఆఫ్రికాలోని గలాగోలు కూడా ఇలాంటివే. ఇవన్నీ చిన్నవి, రాత్రి తిరిగేవి, ఎక్కువగా చెట్ల మీదే బతికేవి.

వీటి విషయంలో లెక్క అనే మాటకు అర్థమే మారిపోతుంది. ఒక రాత్రి అడవిలో పది జంతువులు కనపడ్డాయంటే అక్కడ పదే ఉన్నాయని కాదు. కనపడిన సంఖ్య రెండింటి మీద ఆధారపడుతుంది: నిజంగా ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, ఉన్నదాంట్లో ఎన్నో వంతు కంటపడుతుందన్నది రెండోది. మూడింట ఒకటే కనపడేట్టయితే పది చూసినచోట ముప్ఫై ఉంటాయి. పదింట ఒకటే కనపడేట్టయితే నూరు ఉంటాయి. ఈ రెండో సంగతిని కనపడే అవకాశం అంటారు. ఈ అధ్యాయంలోని పద్ధతుల్లో చాలావరకు ఆ అవకాశాన్ని కొలిచే ప్రయత్నాలే. దాన్ని కొలవకుండా చదరపు కిలోమీటరుకు ఇన్ని అని చెప్పే అంకె, ఎంత పెద్ద నివేదికలో అచ్చయినా, నమ్మదగ్గది కాదు.

కళ్ల మెరుపు

రాత్రి సర్వేకు మూలాధారం కళ్ల మెరుపు. లోరిస్‌లకూ లీమర్లకూ గలాగోలకూ కంటి వెనక నేత్రపటలాన్ని ఆనుకుని టాపెటమ్ అనే పొర ఉంటుంది. కంట్లోకి వచ్చిన వెలుగు నేత్రపటలాన్ని దాటి ఈ పొరకు తగిలి, అద్దం మీద పడ్డట్టు వెనక్కి మళ్లుతుంది. ఒకే వెలుగు రెండుసార్లు వాడుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఇలా మళ్లిన వెలుగే టార్చి పట్టుకున్న మనిషికి నిప్పుకణికల్లా కనిపిస్తుంది.

ఈ వెలుగు వచ్చిన దారినే తిరిగి పోతుంది. కాబట్టి టార్చిని నడుం దగ్గర పట్టుకుని వెతికేవాడికి ఎదుటి కొమ్మ మీది జంతువు కూడా దొరక్కపోవచ్చు. నుదుటికి కట్టుకున్న హెడ్‌ల్యాంప్ అయితే దీపమూ కన్నూ దాదాపు ఒకే గీతలో ఉంటాయి కనుక మెరుపు నేరుగా కంట్లోకే వస్తుంది. తెల్లటి వెలుగుకు జంతువు మొహం తిప్పేసుకుంటే మెరుపు ఆరిపోతుంది. అందుకని దీపానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుడతారు. ఎర్ర వెలుగు వీటి కళ్లను అంతగా ఇబ్బంది పెట్టదు.

మెరిసే ప్రతి కన్నూ దేవాంగపిల్లిది కాదు. నేల మీద సూదిమొనంత నీలాకుపచ్చ చుక్కలు సాలీళ్లవి. బాట మధ్యలో నిప్పురవ్వలా వెలిగి ఉన్నట్టుండి ఎగిరిపోయేది నైట్‌జార్ పిట్ట. కొమ్మల మీద గబగబా కదిలే జంట దీపాలు చాలాసార్లు మానుపిల్లివి. దేవాంగపిల్లి కళ్లు నారింజ కలిసిన ఎరుపులో, గుండ్రంగా, ఒకదానికొకటి దగ్గరగా, సూటిగా ఎదుటికి చూస్తూ ఉంటాయి. ఒకసారి వెలిగి, మెల్లగా పక్కకు తిరిగి, ఆరి, కాసేపటికి అరగజం అవతల మళ్లీ వెలుగుతాయి. కొత్తగా సర్వేకు వచ్చినవాళ్లు ఈ తేడాలు పట్టుకోవడానికి కొన్ని రాత్రులు పడుతుంది. ఆ రాత్రుల లెక్కలను అసలు లెక్కల్లో కలపకపోవడమే మంచిది.

టార్సియర్‌ది మరో కథ. ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటుంది కానీ కంటి వెనక టాపెటమ్ లేదు. మెరుపు మీద ఆధారపడిన పద్ధతులు దాని దగ్గర తేలిపోతాయి. దాన్ని చెవితో వెతకాల్సిందే.

కిలోమీటరుకు ఎన్ని

అన్నిటికన్నా సులువైన పద్ధతి ఎంచుకున్న బాట వెంట నడుస్తూ, లేదా జీపులో నెమ్మదిగా పోతూ, ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని కనపడ్డాయో రాసుకోవడం. దీన్ని ఎదురుపాటు రేటు అనవచ్చు. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మేవా సింగ్, సహచరులు 1990ల చివర తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలోనూ, దక్షిణ ఆంధ్ర జిల్లాల్లోనూ దేవాంగపిల్లి కోసం సర్వేలు చేశారు. దిండిగల్ ఫలితాలు 1999లో, ఆంధ్ర ఫలితాలు 2000లో ప్రచురితమయ్యాయి. అంతవరకు చెదురుమదురు ప్రస్తావనలుగానే ఉన్న సమాచారానికి ఇలాంటి సర్వేలే ఒక పటాన్ని ఇచ్చాయి. ఏ జిల్లాలో ఉంది, ఏ రకం అడవిలో ఎక్కువ, ఎక్కడ బొత్తిగా లేదు అన్నవి తేల్చడానికి ఈ పద్ధతి చాలు. పెద్ద ప్రాంతాన్ని తక్కువ రోజుల్లో, తక్కువ ఖర్చుతో చుట్టిరావచ్చు.

చిక్కల్లా ఈ రేటును సంఖ్యగా పొరబడటంలో ఉంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలిన అడవిలో కిలోమీటరుకు రెండు కనపడి, వానల తర్వాత కార్తీకంలో అదే బాట మీద ఒకటే కనపడితే జంతువులు సగానికి పడిపోయాయని అర్థం కాదు. ఆకు అడ్డం వచ్చింది, అంతే. జీపు మీద నుంచి చూసేవాడి కంటికీ నేల మీద నడిచేవాడి కంటికీ తేడా ఉంటుంది. తుమ్మచెట్ల తోపులో యాభై అడుగుల అవతలి కన్ను కూడా దొరుకుతుంది. బొంతజెముడు, కలివి పొదల మధ్య పది అడుగుల దగ్గరున్నది కూడా దాక్కుంటుంది. అదే బాట, అదే నెల, అదే దీపం, వీలైతే అదే మనుషులు అయినప్పుడే ఏడాదికేడాది పోల్చడానికి ఈ రేటు పనికొస్తుంది.

బాట కూడా ఒక మోసమే. రోడ్డు అంచున ఎండ బాగా తగిలి పొదలు దట్టంగా పెరుగుతాయి, పురుగులూ ఎక్కువగా చేరవచ్చు. అలాంటిచోట జంతువులు ఎక్కువగా కనపడితే అది అడవి లెక్క కాదు, రోడ్డు లెక్క. మరోచోట వాహనాల రాకపోకలకు జడిసి అవి అంచుకే రాకపోవచ్చు.

చంద్రుడి ప్రమేయం ఇంకొకటి. షారన్ గర్స్కీ పరిశీలించిన సులవేసి టార్సియర్లు పౌర్ణమి రాత్రుల్లో ఎక్కువ చురుగ్గా తిరుగుతాయి. దేవాంగపిల్లికి చుట్టమైన జావా దీవి స్లో లోరిస్ వెన్నెల్లో తగ్గి మసలుతుంది. కాబట్టి ఒకచోట పున్నమికీ మరోచోట అమావాస్యకూ సర్వే చేసి రెండింటినీ పక్కపక్కన పెట్టడం కుదరదు. తేదీతో పాటు తిథి కూడా రాసుకోవడం ఈ పనిలో చాదస్తం కాదు.

గీత మీద నడక

ఎదురుపాటు రేటును సాంద్రతగా మార్చడానికి ఎక్కువగా వాడే పద్ధతి దూరపు కొలతల మీద ఆధారపడింది. దీని గణితాన్ని బక్లండ్, ఆండర్సన్, బర్న్‌హామ్, లేక్ అనే నలుగురు 1993లో ఒక పుస్తకంగా స్థిరపరిచారు. ఆలోచన మాత్రం సామాన్యుడికి అందనిదేమీ కాదు.

అడవిలో ముందే గీసుకున్న తిన్నని గీతల వెంట పరిశోధకులు గంటకు కిలోమీటరు మించని వేగంతో నడుస్తారు. ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చూస్తారు. జంతువు కనపడగానే అది ఉన్నచోటు నుంచి గీతకు ఎంత దూరమో లంబంగా కొలుస్తారు. ఇలా చాలా రాత్రులు నడిచాక దూరాలన్నీ ఒకచోట పేరిస్తే ఒక వాలు కనిపిస్తుంది. గీతకు దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. జంతువులకు గీత ఎక్కడుందో తెలియదు కనుక నిజానికి అవి అన్ని దూరాల్లోనూ సమానంగానే ఉండాలి. దూరాన తగ్గింది జంతువులు కాదు, చూపు. ఆ వాలే కనపడే అవకాశం ఎంతో చెబుతుంది.

ఊహకు ఒక లెక్క తీసుకుంటే విషయం తేటపడుతుంది. మొత్తం 40 కిలోమీటర్లు నడిచారు, 64 దేవాంగపిల్లులు కనపడ్డాయి, అన్నిటికన్నా దూరంగా కనపడింది గీతకు 20 మీటర్ల అవతల. అటు 20, ఇటు 20 మీటర్ల పట్టీ అనుకుంటే వెతికిన విస్తీర్ణం 1.6 చదరపు కిలోమీటర్లు, సాంద్రత చదరపు కిలోమీటరుకు 40. కానీ దూరాల వాలును బట్టి చూస్తే చూపు నిజంగా పనిచేసిన పట్టీ అటూ ఇటూ 8 మీటర్లే అని తేలిందనుకుంటే విస్తీర్ణం 0.64 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. సాంద్రత 100 అవుతుంది. అవే రాత్రులు, అవే 64 జంతువులు, ఫలితం రెండున్నర రెట్లు.

ఈ పద్ధతికి మూడు షరతులున్నాయి. సరిగ్గా గీత మీద ఉన్న జంతువు ఒక్కటీ తప్పిపోకూడదు. జంతువు మనిషిని చూసి జరగకముందే కనపడాలి. దూరం సరిగ్గా కొలవాలి. రెండో షరతు విషయంలో దేవాంగపిల్లి చాలా మర్యాదస్థురాలు, చూసిన చోటే బిగుసుకుని ఉంటుంది. మూడోదానికి టేపు కావాలి. చీకట్లో కంటి అంచనాతో రాసిన దూరాలన్నీ ఐదు, పది, పదిహేను మీటర్ల దగ్గరే గుమిగూడతాయి. అలాంటి పట్టికను చూడగానే అనుభవజ్ఞులు పెదవి విరుస్తారు.

కొంప ముంచేది మొదటి షరతే. మనిషి చూపు ముందుకూ పక్కలకూ పోతుంది, నడినెత్తి మీదికి పోదు. సరిగ్గా తల మీద, గుబురు కొమ్మలో, మొహం అటు తిప్పుకుని కూర్చున్న జంతువు గీత మీదే ఉన్నా లెక్కలోకి రాదు. అలా సగం తప్పిపోతే పై లెక్కలోని 100 నిజంలో 200. దీనికి విరుగుడుగా ఇద్దరు పరిశీలకులు ఒకరి తర్వాత ఒకరు, ఒకరు చూసింది మరొకరికి చెప్పకుండా నడుస్తారు. మొదటివారు చూసినవాటిలో రెండోవారికి ఎన్ని దొరికాయన్నదాన్ని బట్టి ఇద్దరికీ దొరకనివి ఎన్నో లెక్కగడతారు. గీతలు ఏర్పరచడంలోనూ మెలకువ కావాలి. కొడవళ్లతో వెడల్పుగా దారి నరికితే కొమ్మల వరస తెగిపోతుంది. గెంతలేని దేవాంగపిల్లికి రెండు మూడు గజాల ఖాళీ ఏరు అడ్డం వచ్చినట్టే. లెక్కపెట్టడానికి వెళ్లినవాళ్లే లెక్కను చెరిపేసినట్టవుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. మైసూరు ఉపజాతి దేవాంగపిల్లులు పగలు రెండు మూడు కలిసి పడుకుంటాయి. మునిచీకట్లో నడిస్తే అవి గుంపుగా దొరుకుతాయి, రెండో జాములో విడివిడిగా. తల్లి మేతకు పోతూ పిల్లను ఒక కొమ్మ మీద వదిలి వెళ్తుంది. ఆ పిల్ల గంటల తరబడి అక్కడే ఒంటరిగా ఉంటుంది. దాన్ని పెద్దదిగా రాసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

వాలును నమ్మకంగా గీయడానికి 60 నుంచి 80 దాకా దర్శనాలు కావాలని ఆ నలుగురి సలహా. దేవాంగపిల్లులు సమృద్ధిగా ఉన్నచోట కొన్ని వారాల్లో ఆ సంఖ్య సమకూరుతుంది. ఈశాన్య భారతంలోని బెంగాల్ స్లో లోరిస్ కోసం రాత్రుల తరబడి తిరిగినా దర్శనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే అయినప్పుడు ఈ గణితం మొత్తం పక్కన పెట్టాల్సిందే.

పట్టి, గుర్తు పెట్టి, వదిలి

డెన్మార్క్ మత్స్య శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 1896లో చేపలకు గుర్తులు కట్టి వదిలాడు. అమెరికాలో లింకన్ 1930లో బాతుల కాళ్ల కడియాలతో లెక్క తేల్చాడు. ఇద్దరి పేరునా ఉన్న సూత్రం ఇది: తొలిసారి 24 జంతువులను పట్టి గుర్తు పెట్టి వదిలి, రెండోసారి 30 పట్టగా వాటిలో 8కి గుర్తు ఉంటే మొత్తం 24ను 30తో గుణించి 8తో భాగించినంత, అంటే 90. సంచీలోని బియ్యంలో గుప్పెడు పసుపు బియ్యం కలిపి, మళ్లీ గుప్పెడు తీసి చూడటం లాంటిదే.

ఎలుక లీమర్ల విషయంలో ఈ పద్ధతి దివ్యంగా పనిచేస్తుంది. మడగాస్కర్ పశ్చిమాన కిరిండీ అడవిలో దశాబ్దాలుగా ఈ పని నడుస్తోంది. సాయంత్రం వరసగా చిన్న అల్యూమినియం బోన్లు పెట్టి అరటిపండు ముక్క ఎరగా వేస్తారు. తెల్లవారుజామున తీసి, తూచి, బియ్యపు గింజంత మైక్రోచిప్‌ను చర్మం కిందికి ఎక్కించి, పొద్దుగూకాక పట్టినచోటే వదిలేస్తారు. ప్రపంచంలోకెల్లా చిన్న ప్రైమేట్, సుమారు 30 గ్రాముల బెర్తే ఎలుక లీమర్, ఈ అడవిదే. 2000లోనే దానికి శాస్త్రీయ నామం వచ్చింది. దానికి రెండింతలుండే బూడిదరంగు ఎలుక లీమర్ కూడా అక్కడే ఉంది. చీకట్లో కళ్ల మెరుపు చూసి ఇది ఏదో చెప్పడం అసాధ్యం, చేతిలోకి వస్తే తప్ప తేలదు. ఒకప్పుడు ఎలుక లీమర్లు రెండే జాతులనుకున్నారు. ఇప్పుడు ఇరవై దాకా గుర్తించారు. పాత సర్వేల్లో ఎలుక లీమర్ అని రాసిన అంకెల్లో ఏ జాతివి ఎన్నో ఇక ఎవరూ విడదీయలేరు.

బోనులోనూ తిరకాసులున్నాయి. అరటిపండు రుచి మరిగిన జంతువు మళ్లీ మళ్లీ బోనులోకే వస్తుంది. పై లెక్కలో 8 బదులు 15 గుర్తున్నవే పడితే మొత్తం 48కి దిగిపోతుంది. ఒకసారి భయపడి మళ్లీ రాని జంతువులైతే అంకె ఉబ్బిపోతుంది. కాలం ఇంకో తిరకాసు. కిరిండీలో వానలు లేని పొడి నెలల్లో బూడిదరంగు ఎలుక లీమర్ ఆడవి చెట్టు తొర్రల్లో సుప్తావస్థలోకి జారుకుంటాయి, మగవి తిరుగుతూనే ఉంటాయి. పరిశోధకుడు అప్పుడు బోను పెడితే ఆడవి కరువైన అడవిని చూస్తాడు. లావుతోక మరుగుజ్జు లీమర్ ఏడు నెలల దాకా తొర్రలో నిద్రపోతుంది. ఆ ఏడు నెలల్లో ఎన్ని బోన్లు పెట్టినా, ఎన్ని కిలోమీటర్లు నడిచినా దాని సంఖ్య సున్నా.

బోన్లు ఎంత మేర జంతువులను లాగుతున్నాయన్నది కూడా చాలాకాలం తెగని ప్రశ్నగా ఉండేది. వరస అంచున పడిన జంతువు బయటి అడవిదో లోపలిదో తెలియదు. 2000ల తర్వాత వచ్చిన కొత్త గణితం ఏ జంతువు ఏ బోనులో పడిందన్న చోటు వివరాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఈ చిక్కును చాలావరకు విడదీసింది.

దేవాంగపిల్లికి ఈ దారి మూసుకుపోయింది. అరటిపండు దానికి అక్కర్లేదు. తమిళనాడులోని అయ్యలూరు ప్రాంతంలో అన్నా నెకారిస్ జరిపిన పరిశీలనలో దాని తిండిలో 96 శాతం పురుగుల్లాంటి జీవులే. చేత్తో పట్టి మెడకు రేడియో పట్టీ కట్టడం కొన్ని పరిశోధనల్లో చేశారు. పరిశీలనల్లో ఆడది హెక్టారున్నర మేరలో తిరుగుతుందనీ, మగదాని మేర అంతకు రెండింతలు మించుతుందనీ తెలిసింది. ఈ మేరలు ఒకదానిమీద ఒకటి ఎంత పరుచుకుంటాయో చూసి సాంద్రతను రాబట్టవచ్చు. కానీ పట్టీ కట్టింది పట్టుమని పది జంతువులకైతే, అదీ అవి దండిగా ఉన్న తోపులోనే అయితే, ఆ సాంద్రతను జిల్లా మొత్తానికి సాగదీయడం సాహసమే అవుతుంది.

గొంతు విని

సులవేసి దీవి ఉత్తర కొసన తంగ్కోకో అడవిలో తెల్లవారుజామున టార్సియర్ జంట తమ నిద్రచెట్టుకు తిరిగివస్తూ ఆడా మగా గొంతు కలిపి పాడతాయి. ఇద్దరు ముగ్గురు పరిశోధకులు వేర్వేరు చోట్ల నిలబడి దిక్సూచితో పాట వచ్చిన దిక్కును రాసుకుని, ఆ గీతలను పటం మీద గీస్తే అవి కలిసినచోట ఒక కుటుంబం ఉన్నట్టు. పగటిపూట ఆ చెట్టు దగ్గరికి వెళ్లి కుటుంబంలో ఎన్ని ఉన్నాయో చూసుకోవచ్చు. ప్రతి కుటుంబమూ ప్రతి ఉదయమూ పాడదు కనుక, వరసగా కొన్ని రోజులు విని, పాడే అవకాశం ఎంతో కట్టాలి. గర్స్కీ 1990ల్లో ఇక్కడే గీత మీద నడక, గడులు గీసి వెతకడం, ఒకచోట నిలబడి లెక్కపెట్టడం అనే మూడు పద్ధతులను పోల్చి చూశారు. ఒకే అడవిలో, ఒకే జంతువు మీద పద్ధతులను పరీక్షకు పెట్టే ఇలాంటి పని జరగాల్సినంతగా జరగలేదు.

ఆఫ్రికాలో గలాగోల పిలుపులు ఇంకో మేలు చేశాయి. చూపుకు అచ్చం ఒకేలా ఉన్నవి వేర్వేరు రాగాల్లో అరుస్తున్నాయని సైమన్ బేర్డర్ వంటివారు గమనించాక, ఒక జాతి అనుకున్నది పలు జాతులని బయటపడింది. ఇప్పుడు చెట్టుకు కట్టిన రికార్డర్లు వారాల తరబడి రాత్రంతా వింటాయి. కంప్యూటర్ ఆ శబ్దాల్లోంచి కావలసిన పిలుపును ఏరుతుంది. దేవాంగపిల్లి కూడా సన్నని ఈలలు వేస్తుంది. కానీ పది ఈలలు పది జంతువులవా, ఒకే జంతువు పదిసార్లు వేసిందా అన్నది రికార్డర్ చెప్పదు. కాబట్టి ఈ పద్ధతి ఉనికిని చెప్పడంలో గట్టిది, సంఖ్య చెప్పడంలో మెతక.

ఉందా, లేదా

సంఖ్య తేల్చే స్తోమత లేనిచోట ప్రశ్ననే మార్చుకోవడం తెలివైన పని. ఎన్ని అని కాకుండా ఎన్ని గడుల్లో ఉంది అని అడుగుతారు. అడవిని సమానమైన గడులుగా విభజించి, ఒక్కో గడికి పలుమార్లు వెళ్లి, కనపడిందో లేదో రాస్తారు. 2002లో మెకంజీ బృందం దీనికి గణితం ఇచ్చింది. జంతువు ఉన్న గడిలో ఒక రాత్రి కనపడే అవకాశం 30 శాతం అనుకుంటే, నాలుగు రాత్రులు వెళ్లినా అసలు కనపడకపోయే అవకాశం 24 శాతం. 50 గడుల్లో 20లో కనపడిందంటే నిజానికి సుమారు 26 గడుల్లో ఉన్నట్టు. తప్పిపోయే అవకాశం 5 శాతం లోపుకు తేవాలంటే ఒక్కో గడికి తొమ్మిది రాత్రులు వెళ్లాలి. ఒక్క రాత్రి చూసి ఇక్కడ దేవాంగపిల్లి లేదని రాసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అడవి అంచు పల్లెల్లో వాకబు చేయడం అన్నిటికన్నా చవక. మేకల కాపరులకూ, కట్టెలు కొట్టేవారికీ, యానాదులకూ తెలిసింది ఏ కెమెరాకూ తెలియదు. అయితే మంత్రతంత్రాల కోసం, నాటుమందుల కోసం దేవాంగపిల్లిని పట్టే అలవాటు దక్షిణాదిలో ఉంది. అది నేరమని తెలిసినవాడు అడవి శాఖ జీపు దిగినవాళ్లకు నిజం చెప్పడు. బొమ్మ చూపించకుండా, జంతువు నడక, అరుపు, పడుకునే తీరు చెప్పమంటే నిజంగా చూసినవాడెవడో తెలిసిపోతుంది.

బెంగళూరులో 2014లో మొదలైన అర్బన్ స్లెండర్ లోరిస్ ప్రాజెక్ట్ వాకబుకు కొత్త రూపం. ఎర్ర దీపాలతో నగరంలోని తోపుల్లో, విద్యాసంస్థల ఆవరణల్లో మామూలు పౌరులు రాత్రి నడిచి, దేవాంగపిల్లులు ఇంకా మిగిలిన చోట్లను నమోదు చేశారు.

వేడిని చూసే కెమెరా, అంకెను సాగదీసే చెయ్యి

ఒంటి వేడిని పసిగట్టే థర్మల్ కెమెరాకు కళ్ల మెరుపు అక్కర్లేదు. మొహం అటు తిప్పుకున్న జంతువు కూడా చల్లని ఆకుల మధ్య తెల్లని మచ్చలా కనిపిస్తుంది. టాపెటమ్ లేని టార్సియర్‌కు ఇది వరం. కానీ ఆకు చాటున పడితే వేడి కూడా ఆగిపోతుంది. రాయలసీమ లాంటి రాతి నేలల్లో వేసవి మొదటి జాములో బండలు ఇంకా సెగలు కక్కుతూ ఉంటాయి, ఆ తెలుపులో జంతువు కలిసిపోతుంది. మూడో జాము దాకా ఆగాలి. కెమెరాతో పట్టి, టార్చితో జాతిని నిర్ధారించుకోవడమే ప్రస్తుతం మంచి మార్గం.

పద్ధతి ఏదైనా ఆఖరి మెట్టు మీద ఒక గుంట ఉంది. 2022 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూర్ దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసం వెలసిన మొదటి అభయారణ్యం ఇది. విస్తీర్ణం దాదాపు 118 చదరపు కిలోమీటర్లు. ఎవరైనా ఒక మంచి తోపులో చదరపు కిలోమీటరుకు 100 అని తేల్చి, 118తో గుణిస్తే 11,800 వస్తుంది. పత్రికకు పసందైన శీర్షిక. కానీ ఏ కొండ అడవిలోనైనా బోడిగుట్టలూ, పచ్చికబయళ్లూ, పొదలే లేని చోట్లూ ఉంటాయి. గీతలను దేవాంగపిల్లులున్నాయని ముందే తెలిసినచోట కాకుండా చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే, అదీ పొదల అడవికీ బయలుకూ విడివిడిగా సాంద్రత కట్టినప్పుడే, ఆ గుణకారానికి అర్థం ఉంటుంది. అప్పుడు కూడా ఒకే అంకె ఇవ్వరు. ఇంత నుంచి ఇంత దాకా అని ఒక అవధి ఇస్తారు. ఆ అవధి 6,000 నుంచి 19,000 దాకా ఉంటే అది పరిశోధకుడి అసమర్థత కాదు, నిజాయితీ.

ఈ అవధి కుదించుకుపోవాలంటే ఎక్కువ గీతలు, ఎక్కువ రాత్రులు కావాలి. నాలుగు గంటలు నడిచి, మోకాళ్లు ముళ్లకు గీరుకుపోయి, ఒక్క కన్నూ మెరవని రాత్రి కూడా ఆ రాత్రుల్లో ఒకటే. ఆ రాత్రి కాగితం మీద గీత నంబరు, నడిచిన దూరం, తిథి, బయల్దేరిన వేళ, తిరిగొచ్చిన వేళ రాసి, జంతువుల సంఖ్య అన్న గడిలో సున్నా వేస్తారు. ఆ కాగితం పారేస్తే మిగతా రాత్రుల లెక్కంతా తప్పవుతుంది.